అటక మీది దొంగ

నవంబరు వచ్చిందంటే న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్న మనవాళ్ళ ఫోన్లలో ఒక కొత్త టాపిక్ మొదలవుతుంది: హీటింగ్ బిల్లు. "మాకు పోయిన్నెల ఇంతొచ్చింది, మీకెంత?" అని ఒకరు అడగడం, ఆ వెనకే సలహాల వర్షం. కిటికీలు మార్పించండి, కొత్త ఫర్నేస్ పెట్టించండి, స్మార్ట్ థర్మోస్టాట్ కొనండి, ఇంటిమీద సోలార్ వేయించుకోండి. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు సలహా కాదు. కానీ మొదట చెయ్యాల్సిన పని కూడా వీటిలో ఏదీ కాదు.

ఈ సంగతి ఎవరో నిన్నా మొన్నా కనిపెట్టింది కాదండీ. దాదాపు యాభై ఏళ్ళ క్రితమే, అదీ మనవాళ్ళు ఇప్పుడు బోలెడంతమంది ఉంటున్న న్యూజెర్సీలోనే, కొలిచి మరీ తేల్చారు. తేల్చాక అందరూ కలిసి చక్కగా మర్చిపోయారు. ఆ కథే ఇది. ఈ కథలో ఒక రాకెట్ ఇంజనీరు, ఇద్దరు సైకాలజిస్టులు, చెట్లు కోసే రంపం ఒకటి, అణు విద్యుత్ కేంద్రంలో మోగిన అలారం ఒకటి ఉన్నాయి. కాబట్టి ఇన్సులేషన్ గురించి కదా, బోరు కొడుతుందేమో అని పారిపోకండి.

ముందు కాస్త నేపథ్యం. 1973 అక్టోబరులో ఇజ్రాయెల్‌కీ అరబ్ దేశాలకీ యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కి సాయం చేస్తోందని అమెరికాకి అరబ్ దేశాలు చమురు అమ్మడం ఆపేశాయి. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న ధర 1974 జనవరికల్లా 11 డాలర్లు దాటింది. అప్పటిదాకా అమెరికాలో ఇల్లు కట్టేవాడికి గానీ కొనేవాడికి గానీ వేడి అనేది లెక్కలోకి రాని ఖర్చు. చలేస్తే ఇంకాస్త పెద్ద ఫర్నేస్ పెట్టడమే పరిష్కారం. సర్వర్ స్లో అయితే కోడ్ చూడకుండా ర్యామ్ పెంచేసినట్టు అన్నమాట.

1977 జనవరి చలి మరీ ఘోరంగా వచ్చింది. సహజ వాయువు కొరతతో ఫ్యాక్టరీలు, స్కూళ్ళు మూసేశారు. ఆ ఫిబ్రవరి 2న జిమ్మీ కార్టర్, ప్రెసిడెంటయ్యి రెండు వారాలైనా కాలేదు, ఉన్ని స్వెట్టర్ వేసుకుని టీవీలో కూచుని జనానికో విన్నపం చేశాడు: థర్మోస్టాట్ పగలు 65 డిగ్రీల ఫారెన్‌హీట్, రాత్రి 55 మీద పెట్టుకోండి అని. మన లెక్కలో పగలు 18, రాత్రి 13 సెల్సియస్. 1979 జూన్‌లో వైట్ హౌస్ కప్పు మీద నీళ్ళు వేడిచేసే 32 సోలార్ ప్యానెళ్ళు కూడా పెట్టించాడు. 1986లో, రీగన్ హయాంలో, అవి కిందకి దిగిపోయాయి.

ఆ కాలం గురించి ఇప్పుడు ఎవర్నడిగినా ఈ రెండే చెబుతారు, స్వెట్టరూ సోలార్ ప్యానెళ్ళూ. రెండూ ఫొటోల్లో బాగా పడ్డాయి మరి. స్వెట్టర్‌ని వెక్కిరించినవాళ్ళకి పొదుపంటే చలికి వణకడమే అని ఖాయమైపోయింది. ప్యానెళ్ళని మెచ్చుకున్నవాళ్ళకి పొదుపంటే ఇంటికో కొత్త యంత్రం తగిలించడమే అని ఖాయమైపోయింది. అసలు పని మాత్రం ఈ రెండింటికీ దూరంగా, ఒక మామూలు కాలనీ అటకల మీద జరిగింది.

ఆ కాలనీ పేరు ట్విన్ రివర్స్. న్యూజెర్సీలో ఈస్ట్ విండ్సర్‌లో, ప్రిన్స్‌టన్‌కి కూతవేటు దూరంలో ఉంటుంది. (ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పుడు దోసెలకీ దేవుడికీ వెతుక్కోనక్కర్లేదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.) అప్పటికి కొత్తగా కట్టిన టౌన్‌హౌసులు, అన్నీ వరసగా ఒకే ప్లానుతో. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ సోకొలో నాయకత్వంలో ఒక బృందం చమురు గొడవకి ముందే, 1972లోనే, ఈ ఇళ్ళ శక్తి వాడకం మీద పరిశోధన మొదలుపెట్టింది. ప్రయోగశాలలో మోడల్ ఇల్లు కాకుండా, మనుషులు కాపురం ఉంటున్న ఇళ్ళల్లోనే మీటర్లు బిగించి కొలిచారు.

ఈ బృందంలో ఒకడు డేవిడ్ హార్జే. ఈయన అసలు రంగం రాకెట్లు. ద్రవ ఇంధన రాకెట్ ఇంజన్లలో మంట అదుపు తప్పి ఇంజన్ ఎందుకు పేలిపోతుందన్న సమస్య మీద 1972లో నాసా ప్రచురించిన పెద్ద గ్రంథానికి ఇద్దరు సంపాదకుల్లో ఈయనొకడు. అలాంటివాడు బేస్‌మెంట్లలో దూరి ఫర్నేస్ పొగగొట్టాల చుట్టూ సందులు వెతకడం మొదలుపెట్టాడు. నాకు ఈ కథలో బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. సమస్య చిన్నదా పెద్దదా అని చూడని ఇంజనీర్లంటే నాకు గౌరవం.

మొదటి ఆశ్చర్యం: ఒకే ప్లాను, ఒకే వరస, ఒకే వాతావరణం. అయినా కొన్ని ఇళ్ళు పక్కవాటికి రెట్టింపు గ్యాసు కాలుస్తున్నాయి.

కారణం ఇల్లా, మనిషా? రాబర్ట్ సోండెరెగ్గర్ అనే పరిశోధకుడు ఒక తెలివైన పని చేశాడు. మనుషులు మారిన ఇళ్ళనీ, మారని ఇళ్ళనీ విడదీసి పోల్చాడు. మారనిచోట, పోయినేడు ఎక్కువ కాల్చిన ఇల్లు ఈ ఏడూ ఎక్కువే కాల్చింది. కొత్తవాళ్ళు దిగినచోట మాత్రం పాత లెక్కకీ కొత్త లెక్కకీ పెద్దగా సంబంధం లేకుండా పోయింది. అంటే తేడాలో పెద్ద వాటా గోడలది కాదు, ఆ గోడల మధ్య ఉండేవాళ్ళది. క్లైవ్ సెలిగ్మన్, జాన్ డార్లీ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇంకో మెట్టు ఎక్కారు. (చుట్టూ జనం ఎక్కువున్నప్పుడు ఆపదలో ఉన్నవాడికి సాయం ఎందుకు అందదో 1968 ప్రయోగాలతో చూపించిన ఇద్దరిలో ఒకడే ఈ డార్లీ.) వేసవిలో, ఏసీల కాలంలో, కొన్ని ఇళ్ళవాళ్ళకి నిన్న మీరు ఎంత కరెంటు వాడారో చూడండి అని దాదాపు రోజూ చెప్పించారు. ఇంకే ఉపదేశం లేదు. అంతమాత్రానికే వాడకం పది శాతం దాకా తగ్గింది. నెలాఖరున వచ్చే బిల్లు మనిషికి పాఠం చెప్పదు, మంట మాత్రమే పుట్టిస్తుంది. అదే అంకె రోజూ కళ్ళముందుంటే చెయ్యి దానంతటదే స్విచ్ దగ్గరికి వెళ్తుంది.

రెండో ఆశ్చర్యం అంతకన్నా పెద్దది. ఈ కథకి గుండెకాయ లాంటిది.

ఇంట్లోంచి వేడి ఎక్కణ్ణించి ఎంత పోతుందో లెక్కగట్టడానికి పాఠ్యపుస్తకాల్లో సూత్రాలున్నాయి. గోడ వైశాల్యం ఇంత, ఇన్సులేషన్ మందం ఇంత, లోపలికీ బయటికీ తేడా ఇన్ని డిగ్రీలు అంటే వేడి ఇంత పోతుంది అని. ఆ లెక్క ప్రకారం ట్విన్ రివర్స్ ఇళ్ళ ఆటిక్ నుంచి (మన అటకే, పేరు కూడా పెద్దగా మారలేదు చూడండి) పోయే వేడి కొంచెమే ఉండాలి. అక్కడ ఇన్సులేషన్ పరిచే ఉంది. తీరా కొలిచి చూస్తే లెక్కకి కొన్ని రెట్లు ఎక్కువ వేడి అటక మీదకి చేరుతోంది. జాన్ బేయా, గౌతమ్ దత్, థామస్ వోటెకి అనే ముగ్గురు ఈ లెక్కకీ కొలతకీ మధ్య తేడా వెనకపడ్డారు.

దొంగ దొరికాడు. ఫర్నేస్ బేస్‌మెంట్లో ఉంటుంది కదా, దాని పొగగొట్టం ఇల్లంతా దాటి అటక గుండా పైకి పోవాలి. ఆ గొట్టం కోసం వదిలిన గూడు పైదాకా తెరిచే ఉంది. ఇక పక్కింటికీ మనింటికీ మధ్య కట్టిన కాంక్రీటు దిమ్మెల గోడ లోపల బోలుగా ఉంది. బేస్‌మెంట్లో వేడెక్కిన గాలి ఈ రెండు దారుల్లోనూ సరాసరి అటక మీదకి ఎక్కేస్తోంది. పరిచిన ఇన్సులేషన్‌ని దాటాల్సిన అవసరమే లేదు, పక్కనించి వెళ్ళిపోతోంది. ముందు తలుపుకి తాళం మీద తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టినట్టు. సూత్రం తప్పు కాదు. ఇల్లంటే గోడలు, కప్పు, కిటికీలే అనుకుని లెక్కగట్టడంలో ఉంది తప్పు.

దీని వెనక ఫిజిక్స్ చాలా సింపుల్. చలికాలంలో ఇల్లు మొత్తం ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. వేడిగాలి తేలిక కాబట్టి పైకెక్కి, పైన దొరికిన సందులోంచి పోతుంది. పోయినంత గాలీ కింద సందుల్లోంచి చల్లగా లోపలికొస్తుంది. మనకి తెలిసేది ఈ రెండోదే, కాళ్ళకి చల్లగాలి తగలడం. అందుకే కింద కిటికీ దగ్గర టేపులు అంటిస్తూ కూచుంటాం. అసలు కన్నం రెండంతస్తుల పైన, ఎవరూ ఎక్కని అటక మీద ఉంటుంది.

కన్నం కంటికి కనబడదు కదా, ఎలా పట్టుకోవడం? దానికి సాధనం స్వీడన్ నించి వచ్చింది. 1977 ప్రాంతంలో అక్కడ కిటికీలో పెద్ద ఫ్యాను బిగించి ఇంటి బిగువు కొలవడం మొదలెట్టారు. 1979లో బ్లోమ్స్‌టర్‌బర్గ్ అనే స్వీడన్ పరిశోధకుడు ఆ విద్యని అమెరికాకి తెచ్చాడు. ప్రిన్స్‌టన్‌వాళ్ళు ఫ్యానుని వీధి తలుపు చట్రంలో బిగించారు. అదే బ్లోయర్ డోర్. ఫ్యాను ఇంట్లో గాలి బయటికి తోడేస్తుంటే బయటిగాలి ప్రతి సందులోంచీ లోపలికి తన్నుకొస్తుంది. ఇల్లంతా చెయ్యి పెట్టుకుంటూ తిరిగితే ఎక్కడెక్కడ లీకుందో తెలిసిపోతుంది. మొత్తం లీకు ఎంతో అంకె కూడా వస్తుంది. మన భాషలో ప్రొఫైలర్ రన్ చెయ్యడమే. అందరూ అనుమానించిన కిటికీలూ తలుపులూ ప్లగ్ పాయింట్లకంటే ఎవరూ అనుమానించని ఇలాంటి దొంగదారుల వాటాయే చాలా ఎక్కువ అని ఈ పరీక్షల్లో బయటపడింది. ప్రోగ్రాంలో ఏ ఫంక్షన్ టైం తినేస్తోందో మన ఊహ ఎన్నిసార్లు తప్పిందో గుర్తుతెచ్చుకోండి. ఇల్లూ అంతే.

ఫ్రాంక్ సిండెన్ అనే ఆయన ఈ జ్ఞానమంతా ఒకే టౌన్‌హౌస్ మీద ప్రయోగించాడు. సందులు పూడ్చడం, అటక మీద ఇన్సులేషన్ పెంచడం, కిటికీలకి లోపలివైపు రక్షణ, ఇలాంటివే. హీటింగ్‌కి కావలసిన శక్తి మూడింట రెండు వంతులు తగ్గింది. 1978లో వివరాలు అచ్చయ్యాయి. గోడలు పగలగొట్టలేదు, ఇంట్లోవాళ్ళని స్వెట్టర్లతో వణికించలేదు. కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ మేసిందని సామెత. వీళ్ళు ముందు దూడని కట్టేశారు.

సరిగ్గా అదే సమయంలో కెనడాలో ఇంకో ముచ్చట. సస్కాచువాన్‌లో రెజైనా ఊళ్ళో చలి మైనస్ 40కి కూడా దిగుతుంది. అక్కడ సోలార్ ఇల్లు కట్టండి అని ప్రభుత్వం అడిగితే హెరాల్డ్ ఆర్ మొదలైన ఇంజనీర్లు లెక్కలేసుకున్నారు. చలి ఎక్కువున్న నెలల్లోనే అక్కడ ఎండ తక్కువ. ఎండని పట్టి దాచుకోవడం కంటే ఉన్న వేడిని పోకుండా చూసుకోవడం చవక అని తేల్చుకున్నారు. 1977లో కట్టిన ఆ ఇంటికి గోడల ఇన్సులేషన్ ఆర్-40, కప్పుకి ఆర్-60. గాలి దూరని బిగువు. ఫర్నేసే లేదు. ఇంత బిగువైన ఇంట్లో ఊపిరాడాలి కదా, అందుకని బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే ఒక యంత్రాన్ని తయారుచేసి పెట్టారు. సోలార్ కూడా పెట్టారు లెండి, అడిగారు కాబట్టి. ఆ ఇంట్లో ఖరీదైనదీ, తలనొప్పి తెచ్చిందీ ఆ భాగమే.

ఈ హెరాల్డ్ ఆర్, రాబ్ డ్యూమాంట్ కలిసి 1982లో సస్కటూన్‌లో ఒక పాత ఇంటి మీద చేసిన ప్రయోగం ఇంకా సరదాగా ఉంటుంది. చూరు అడ్డొస్తోందని చెట్లు కోసే రంపంతో ఇంటి చుట్టూ చూరంతా కోసి పారేశారు. ఇల్లు పెట్టెలా అయింది. అప్పుడు దానికి గాలి దూరని ప్లాస్టిక్ పొర చుట్టి, దానిపైన మందంగా ఇన్సులేషన్ వేసి, కొత్త చూరు తగిలించారు. బ్లోయర్ డోర్ పరీక్షలో, 50 పాస్కల్ పీడనం దగ్గర, ఇంటి గాలి మొత్తం గంటకి 2.95 సార్లు మారేది కాస్తా 0.29 సార్లకి పడిపోయింది. పదో వంతు!

ఈ ఆలోచనలే జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడన్‌కి చెందిన బో ఆడమ్సన్ చేతుల్లో 1991లో డార్మ్‌స్టాట్‌లో మొదటి పాసివ్ హౌస్ అయ్యాయి. ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. రెజైనా ఇంటి పేరు సొంత దేశంలోనే చాలామంది మర్చిపోయారు. 2015లో పాసివ్ హౌస్‌వాళ్ళే ఆ ఇంటికి మార్గదర్శి పురస్కారం ఇచ్చి బాకీ తీర్చుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే అన్నీ బిగించెయ్యండి, సుఖపడండి అన్నట్టు ఉంటుంది. అది నిజం కాదు. ఈ చరిత్రకి చీకటి వైపు కూడా ఉంది, అది దాచిపెట్టి మాట్లాడితే మోసం.

కెనడా ప్రభుత్వం 1977 నించి ఇన్సులేషన్‌కి సబ్సిడీ ఇచ్చింది. జనం ఎగబడ్డారు. గోడలకి చిన్న కన్నాలు పెట్టి లోపల యూరియా ఫార్మాల్డిహైడ్ నురగ నింపించుకున్నారు, చవక, తొందరగా అయిపోతుంది. తరవాత ఆ నురగ లోంచి వచ్చే వాయువుతో కళ్ళ మంటలు, ఊపిరి ఇబ్బందులు అని గోల. 1980 డిసెంబరులో నిషేధించారు. పెట్టుకోమని డబ్బులిచ్చిన ప్రభుత్వమే తీయించుకోమని మళ్ళీ డబ్బులిచ్చింది. అమెరికాలో 1982లో నిషేధం పెడితే మరుసటి ఏడే కోర్టు కొట్టేసింది. పాత ఇళ్ళ అటకల మీద పోసిన వెర్మిక్యులైట్ రజను ఇంకో కథ. మోంటానాలోని లిబ్బీ గనిలోంచి వచ్చిన దాంట్లో ఆస్బెస్టాస్ కలిసి ఉంది. ఆ గని 1990లో మూతపడింది, రజను మాత్రం చాలా ఇళ్ళల్లో ఉండిపోయింది. పాత ఇల్లు కొంటున్నవాళ్ళు అటక మీద గులకరాళ్ళలా మెరిసే గింజలు కనబడితే చెయ్యి పెట్టకుండా తెలిసినవాళ్ళని పిలవండి.

ఇక అలారం సంగతి. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలో లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు వెళ్తుంటే రేడియేషన్ అలారాలు మోగడం మొదలెట్టాయి. వింతేమిటంటే కేంద్రం ఇంకా ఉత్పత్తే మొదలుపెట్టలేదు. ఒకరోజు పొద్దున్న లోపలికి అడుగు పెడుతుండగానే మోగాయి. అంటే రేడియేషన్ ఆయన ఇంటి దగ్గర్నించి తెస్తున్నాడన్నమాట! ఇంట్లో కొలిస్తే రేడాన్ వాయువు లీటరుకి సుమారు 2,700 పికోక్యూరీలు ఉంది. 4 దాటితే ఏదో ఒకటి చెయ్యండి అని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. రేడాన్ నేలలోంచి వస్తుంది. ఇల్లు బిగించడం వల్ల పుట్టేది కాదు, కాబట్టి అదంతా ఇన్సులేషన్ పాపం అనుకోకూడదు. కానీ ఇంట్లో గాలి ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి పోతోందో తెలుసుకోకుండా సందులు మూయడం ప్రమాదం అని ఈ సంఘటన అందరికీ తెలియజెప్పింది. ఫర్నేస్ పొగ వెనక్కి తన్నితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది. అందుకే రెజైనా ఇంజనీర్లు చేసిన పనికి అంత విలువ. బిగువూ వెంటిలేషనూ రెండూ ఒకే పనిలో భాగాలని వాళ్ళు మొదటిరోజు నించే అనుకున్నారు.

మరి ఇంత తెలిశాక ఇదంతా అందరి ఇళ్ళకీ ఎందుకు చేరలేదు? నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. కనబడనిదానికి ఓట్లు లేవు. 1978 అమెరికా పన్ను చట్టంలో ఇన్సులేషన్, సందులు మూయడం లాంటివాటికి 15 శాతం రాయితీ, గరిష్ఠంగా 300 డాలర్లు. సోలార్ పరికరాలకి 1980 కల్లా 40 శాతం, 10,000 డాలర్ల ఖర్చు దాకా. చవగ్గా ఎక్కువ ఆదా చేసేదానికి తక్కువ, కప్పు మీద మెరిసేదానికి ఎక్కువ! ఆ రాయితీలు 1985 చివరితో పోయాయి. చమురు చవకైంది, జనం మర్చిపోయారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా గ్యాసు తగ్గిపోయేసరికి జర్మనీ ప్రభుత్వ ఆఫీసుల్లో 19 డిగ్రీలు దాటకూడదని ఆంక్ష పెట్టింది, అంటే మళ్ళీ స్వెట్టరే. అదే ఏడాది అమెరికా చట్టం ఇన్సులేషన్‌కి పెంచి ఇచ్చిన పన్ను రాయితీ 2025 చివరితో ముగిసిపోయింది. యాభై ఏళ్ళుగా ఇదే లూపు: గండం వస్తే హడావుడి, గండం గడిస్తే మరుపు. ఇల్లు మాత్రం ఒకసారి కడితే యాభై, వందేళ్ళు కారుతూనే ఉంటుంది.

దీనికి మినహాయింపు లాంటిది పేదల ఇళ్ళ కోసం 1976 చట్టంతో మొదలైన కేంద్ర ప్రభుత్వ వెదరైజేషన్ పథకం. మొదట్లో ఎక్కువగా వాలంటీర్లు కిటికీలకి ప్లాస్టిక్ షీట్లు కొట్టేవారు. నెమ్మదిగా పరీక్షలు, కొలతలు, బ్లోయర్ డోర్లు వచ్చాయి. అంటే ప్రిన్స్‌టన్‌లో నేర్చుకున్న పాఠం డబ్బున్నవాడి ఇంటికన్నా ముందు చాలా పేదిళ్ళకే చేరింది. ఎవరూ టీవీలో చూపించలేదు.

ఇప్పుడు చలిదేశంలో ఇల్లున్నవాళ్ళు ఏం చెయ్యాలి? ఈ చరిత్ర చెప్పే వరస ఇది. ముందు కొలిపించుకోండి, బ్లోయర్ డోర్ ఉన్న ఆడిటర్‌తో. తరవాత అటక నేల మీద సందులు మూయించండి, పొగగొట్టం చుట్టూ మాత్రం మంటకి తట్టుకునే సామాన్లతోనే. (పాత ఫైబర్‌గ్లాస్ ఎక్కడ నల్లగా మట్టిపట్టి ఉంటే కింద కన్నం అక్కడే. అది గాలిని వడపోసి దుమ్ము పట్టుకుంది.) ఆ తరవాతే ఇన్సులేషన్ పెంచండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం, రేడాన్ పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ అయ్యాక ఫర్నేస్ మార్చే వేళకి, చిన్నది సరిపోతుంది. కిటికీలు పాడవకపోతే వాటి వంతు అన్నిటికన్నా చివర.

హైదరాబాదులో ఉన్నవాళ్ళు మాకేం సంబంధం అనుకోకండి. మే నెలలో పై అంతస్తు ఫ్లాటులో ఉన్నవాళ్ళకి స్లాబు ఏం చేస్తుందో తెలుసు. అక్కడ వేడి బయటికి పోతోంది, ఇక్కడ లోపలికి వస్తోంది. మనం రెండో ఏసీ గురించి ఆలోచిస్తాం గానీ, కప్పు గురించి ఆలోచించం. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, కప్పుకి వేడిని వెనక్కి కొట్టే తెల్లటి పూతలాంటివి వెయ్యమని. అది మరీ పాతకాలపు సున్నం తెలివే.

రాకెట్ ఇంజన్లు చదివినవాడు అటకెక్కి సందులు వెతికాడంటే, మనం ఒక ఆదివారం టార్చిలైటు పట్టుకుని నిచ్చెనెక్కడం నామోషీ ఏమీ కాదు. మోకాళ్ళు మాత్రం జాగ్రత్త!